తెల్ల జొగోరి, నల్ల చిమా: హల్మోనీల పేరిట హన్‌బోక్ కుట్టించేవాళ్ళ కోసం ఒక సమీక్ష

కొరియా సంప్రదాయ దుస్తులు హన్‌బోక్. వాటి రెడీమేడ్ సెట్టు ప్లాస్టిక్ కవరు విప్పగానే ముందు చేతికి తగిలేది ముడి. జొగోరి అనే పైచొక్కా ముందువైపు వేలాడే గోరుమ్ అనే నాడాని ముందే ముడివేసి, కదలకుండా కుట్టేసి, వెనక ఒక ప్రెస్ బటన్ పెట్టారు. మెడ చుట్టూ ఉండాల్సిన తెల్ల పట్టీకి దోంగ్‌జొంగ్ అని పేరు. ఇందులో అది విడిగా లేదు, కాలర్ మీదే తెల్ల రిబ్బను పరిచి మిషన్ కుట్టు లాగేశారు. కింద నల్ల పాలియెస్టర్ చిమా, అంటే లంగా, నడుముకి ఎలాస్టిక్. కొరియా ఆన్‌లైన్ దుకాణాల్లో "యు గ్వాన్-సున్ హన్‌బోక్" అని వెతికితే కనిపించే చవక సెట్లు ఇంచుమించు ఈ బాపతే. జపాన్ పాలనకి ఎదురు తిరిగిన 1919 మార్చి 1 ఉద్యమ దినానికి బడిపిల్లలు వేసే నాటకం కోసం పుట్టిన సరుకు ఇది. ఆ పనికి తప్పుపట్టేదేమీ లేదు. అదే సెట్టును ఆగస్టు 14న, జపాన్ సైన్యం లైంగిక బానిసలుగా మార్చిన మహిళల (హల్మోనీలంటే వీళ్ళే) స్మారక దినాన, వేదిక మీదికి తెచ్చినప్పుడే పేచీ.

ఇక్కడ మూడు దారులు చూస్తున్నాం. ఒకటి రెడీమేడ్ సెట్టు. రెండోది సియోల్ గ్వాంగ్‌జాంగ్ మార్కెట్లో కొలతలిచ్చి కుట్టించడం. మూడోది బట్ట కొనుక్కుని మనకు తెలిసిన దర్జీ చేత కుట్టించడం. మా ఓటు రెండోదానికే. అయితే ఆర్డరిచ్చేటప్పుడు ఏం చెప్పాలో తెలియకపోతే అక్కడ కూడా పెళ్ళిబట్టలే చేతికొస్తాయి.

విగ్రహం ఏం కట్టుకుంది

ఈ దుస్తులకు అందరూ నమూనాగా తీసుకునేది శాంతి బాలిక విగ్రహం. ఈ మహిళలకు న్యాయం కోరుతూ 1992 జనవరి 8న మొదలైన బుధవారం నిరసన వెయ్యోసారి జరిగిన రోజున, అంటే 2011 డిసెంబరు 14న, సియోల్‌లోని జపాన్ రాయబార కార్యాలయం ఎదురుగా దాన్ని నిలబెట్టారు. శిల్పులు కిమ్ సొ-గ్యొంగ్, కిమ్ ఉన్-సొంగ్ దంపతులు. చిన్న కుర్చీలో కూర్చున్న అమ్మాయి. ఒడిలో బిగించిన పిడికిళ్ళు. ఇష్టమొచ్చినట్టు కత్తిరించిన పొట్టి జుట్టు. చెప్పుల్లేని పాదాలు, మడమలు నేలకి ఆనవు. భుజం మీద పిట్ట. పక్కన ఖాళీ కుర్చీ. వెనక నేల మీద నీడ పరిచి ఉంటుంది గానీ అది అమ్మాయి నీడ కాదు, నడుం వంగిన ముసలావిడది. ఆ నీడ గుండె దగ్గర ఒక తెల్ల సీతాకోకచిలుక.

ఒంటి మీదున్నది జొగోరి, పిక్కల దాకా దిగే చిమా. రంగులేమిటంటే అందరూ తడుముకోకుండా తెలుపు, నలుపు అంటారు. విగ్రహం కంచుది, దాంట్లో తెలుపూ లేదు, నలుపూ లేదు. ఆ కాలపు ఆడపిల్లల ఫొటోలు చూసి చూసి ఆ రంగుల్ని మనమే విగ్రహానికి తొడిగాం. ఊహ తప్పేం కాదు. కాకపోతే అది ఊహ అన్న సంగతి కుట్టించేవాళ్ళకి గుర్తుండాలి, ఎందుకంటే రెడీమేడ్ సెట్టు బోల్తా పడేది సరిగ్గా ఇక్కడే.

యు గ్వాన్-సున్ ఇహ్వా పాఠశాల విద్యార్థిని. 1919లో స్వాతంత్ర్యం కోసం వీధిలోకి వచ్చి, 1920 సెప్టెంబరు 28న సొదేమున్ జైల్లో చనిపోయింది. ఆమె పేరుతో అమ్మే తెల్ల పైబట్ట, నల్ల చిమా బడిపిల్ల వేషం. 1930లలో, 40లలో సైన్యం ఎత్తుకుపోయిన, మోసగించి తీసుకుపోయిన అమ్మాయిల్లో చాలామంది పేద పల్లెల వాళ్ళు. బడి గడప తొక్కనివాళ్ళు అందులో ఎందరో. పైగా యుద్ధం ముదిరాక మోంపే అనే వదులు పని పైజామా వేసుకోమని వలస ప్రభుత్వం ఆడవాళ్ళ మీద ఒత్తిడి తెచ్చింది. కాబట్టి ఒకే సెట్టును రెండు చరిత్రలకీ తగిలిస్తే ఉద్యమకారిణికీ న్యాయం జరగదు, ఈ అమ్మాయిలకీ జరగదు. సెట్టులో వచ్చే జడ సవరం, ఎర్ర రిబ్బను, ప్లాస్టిక్ కోముసిన్ చెప్పులు పక్కన పడేయండి. విగ్రహానికి జడ లేదు, చెప్పుల్లేవు. ఆ లేకపోవడంలోనే విషయమంతా ఉంది. తెగిన జుట్టు అంటే ఇంటితో, ఊరితో తెగిన బంధమని విగ్రహం గురించి చెబుతారు. దాని మీద సవరం పెట్టి రిబ్బను కడితే ఇంక చెప్పడానికేం మిగిలింది?

రెడీమేడ్ సెట్టుకి ఇంతకంటే చోటు అక్కర్లేదు. ఇరవైమంది పిల్లలకు ఒకేసారి కావాలి, ఒక్కరోజు వాడి దాచేస్తారు అంటే కొనండి. కొన్నాక రెండు మార్పులు చేయండి. కుట్టేసిన ముడిని విప్పి, అంతే వెడల్పున్న నూలు గోరుమ్ కొత్తగా కుట్టండి. ఎలాస్టిక్ నడుముకి చేతుల్లేని బాడీ ఒకటి జతచేయండి. ఎందుకంటే ఎలాస్టిక్ చిమా నడుం దగ్గరే ఆగిపోతుంది, జొగోరికీ దానికీ మధ్య పొట్ట కనబడుతుంది. చిమా రొమ్ము ఎత్తు నుంచి జారాలి.

రెండో అంతస్తు

గ్వాంగ్‌జాంగ్ మార్కెట్ 1905 నాటిది. జోంగ్నో 5-గా స్టేషన్లో దిగితే నడిచే దూరం. వచ్చినవాళ్ళు కింద పెసరపిండితో వేసే బిందేత్తొక్ అట్టు (మన పెసరట్టుకి బాగా లావెక్కిన చుట్టం) తిని, ఫొటో తీసుకుని వెళ్ళిపోతారు. మెట్లెక్కితే పట్టు దుకాణాలు, హన్‌బోక్ దుకాణాలు వరసగా ఉంటాయి. తిండి స్టాళ్ళు ఆదివారం తెరిచే ఉంటాయి గానీ బట్టల దుకాణాలు చాలావరకు మూసేస్తారు, వారం మధ్యలో పగటిపూట వెళ్ళడం మేలు.

ఇక్కడ సేవ ఎలా నడుస్తుందో ముందు అర్థం కావాలి. దుకాణంలో బట్ట చూపించి, కొలతలు తీసుకుని, డబ్బు తీసుకునేది ఒకరు. కత్తిరించి కుట్టేది సాధారణంగా ఇంకోచోట కూర్చునే కుట్టుపనివాళ్ళు. మీరు నోటితో చెప్పింది వాళ్ళదాకా చేరదు, కాగితం మీద రాసిందే చేరుతుంది. అందుకే ఆర్డరు చీటీ మీద కొలతలతో పాటు "హిన్ జొగోరి, గొమున్ తోంగ్‌చిమా" అని, అంటే తెల్ల జొగోరి, నల్ల గొట్టం చిమా అని, రాయించండి. ఫొటో ఉంటే చీటీకి పిన్ను చేయించండి. ఇలా రాయించకపోతే అలవాటు కొద్దీ జరిగేది ఒకటే: నేలని తాకే పెళ్ళి చిమా, పొట్టి జొగోరి, వెడల్పాటి గోరుమ్. దుకాణాల వ్యాపారంలో పెద్ద వాటా పెళ్ళిళ్ళదే కాబట్టి వాళ్ళని అనడానికీ లేదు.

తోంగ్‌చిమా అని పట్టుబట్టడానికి కారణముంది. పాత చిమా చీరలాగా చుట్టుకునేది. వెనక తెరిచి ఉంటుంది, నాడాలతో రొమ్ము మీద బిగించి కట్టాలి. 1910లలో ఇహ్వాలో భుజాలకు తగిలించుకునే బాడీ వచ్చింది, ఆ కాలంలోనే చిమా రెండంచులూ కలిపి కుట్టేసి, పిక్కల దాకా కురచ చేశారు. ఊపిరి ఆడింది, నడక సులువైంది. విగ్రహం కట్టింది ఈ కురచ చిమాయే. చుట్టుకునే చిమా కుట్టించుకుని కుర్చీలో కూర్చుంటే వెనక అంచు విడిపోతుంది.

ఇప్పుడు కుచ్చిళ్ళ లెక్క. అన్నిటికంటే ఎక్కువగా చెడేది ఇక్కడే. 110 సెంటీమీటర్ల పన్నా నూలుబట్ట రెండు ముక్కలు కలిపితే కుట్లు పోగా 216 సెంటీమీటర్లు మిగులుతుంది. రొమ్ము చుట్టుకొలత 84 అనుకుంటే, పైకి 3 సెంటీమీటర్లు కనిపించే కుచ్చిళ్ళు 28 పడతాయి. ఒక్కో కుచ్చికి 7.7 సెంటీమీటర్ల బట్ట. అందులో పైకి కనిపించే 3 పోను 4.7 లోపలికి మడత పడుతుంది, అంటే మడత లోతు 2.3 పైచిలుకు. కుచ్చిళ్ళు ఒకదాని మీద ఒకటి ఎక్కవు, పట్టీ దగ్గర పలచగా ఉంటుంది. దుకాణంలో అలవాటు కొద్దీ మూడు ముక్కలు పెడితే బట్ట 324 అవుతుంది, కుచ్చికి 11.6. మడత లోతు 4.3కి పెరిగి పక్క కుచ్చిలోకి దూరుతుంది. పట్టీ దగ్గర కొన్నిచోట్ల ఐదు పొరలు. పల్చటి పట్టుకైతే పర్వాలేదు, పెళ్ళి చిమాకి ఆ నిండుదనం కావాలి కూడా. నల్ల నూలుబట్టకి మాత్రం రొమ్ము మీద దిండు కట్టినట్టుంటుంది, జొగోరి అంచు దాని మీద ఆగక పైకి లేస్తుంది. "రెండు ముక్కలే" అని చీటీలో రాయించండి.

చిమా పొడవు 75 కావాలంటే కింద మడుపుకి 10, పైకుట్టుకి 2 కలిపి ముక్క 87. రెండు ముక్కలకి 1.74 మీటర్లు, కొలిపించేటప్పుడు 1.8 మీటర్లు అడగండి. బాడీకి విడిగా 60 సెంటీమీటర్ల తెల్ల నూలు. అడుగున 10 సెంటీమీటర్ల మడుపు దండగ కాదు. కూర్చుంటే అంచు పైకి లేస్తుంది, కూర్చుని చూశాకే చివరి పొడవు తేల్చాలి. అందుకని ట్రయల్లో నిలబెట్టి చూసే దుకాణాన్ని స్టూలు అడగండి.

జొగోరికి 110 పన్నాలో 1.8 మీటర్లు పైబట్ట చాలు, గోరుమ్‌తో సహా వస్తుంది. అస్తరుకి కాస్త తక్కువ. చూడాల్సినవి కాలర్, దోంగ్‌జొంగ్, చేయి.

గిత్ అనే కాలర్ మెడ చుట్టూ వచ్చి ముందుకు దిగి, ఎడమ భాగం కుడి భాగం మీదికి వాలేచోట ఆగుతుంది. దాని మీద కూర్చునే తెల్ల పట్టీయే దోంగ్‌జొంగ్. లోపల కాగితం పెట్టి బిగువుగా చేసిన పట్టీలు ప్యాకెట్లలో రెడీగా దొరుకుతాయి. చేత్తో, పొడుగాటి టాకాలతో కుట్టాలి, ఎందుకంటే ఉతికే ముందు ఊడదీసి, ఉతికాక కొత్తది వేస్తారు. చెమటా, మురికీ దానికే అంటుతాయి, జొగోరి నిలుస్తుంది. చివర ఎక్కడ ఆగాలన్నదానికి ఒక కొలత ఉంది: గిత్ కొస నుంచి గిత్ వెడల్పంత పైకి. వేసుకున్నాక రెండు కొసలూ మెడ కింద పంటి మీద పన్నులా కలవాలి. దర్జీ పనితనం తెలుసుకోవడానికి కొరియావాళ్ళు ముందు చూసేది ఈ కలయికే. అర సెంటీమీటరు తేడా వచ్చినా మెడ ఒకవైపుకి వాలినట్టు ఉంటుంది, అది దూరం నుంచే తెలిసిపోతుంది. మిషన్ మీద కుట్టిన దోంగ్‌జొంగ్ కనబడితే వెనక్కి ఇచ్చేయండి. దాన్ని మార్చాలంటే కాలర్ పాడవుతుంది.

చేతి కింది అంచుకి బేరే అని పేరు. దాన్ని బుంగొ చేప పొట్టలా గుండ్రంగా తిప్పడం ఫ్యాషను. అమ్మాయి జొగోరికి ఆ వంపు తగ్గించమనండి, లేకపోతే పిడికిలి ఒడిలో పెట్టుకున్నప్పుడు చేతి కింది వదులు సంచిలా ముందుకు వేలాడుతుంది. చేయి పొడవు కొలిచేది మెడ వెనక ఎముక నుంచి భుజం మీదుగా మణికట్టు దాకా, అది కూడా చేయి 45 డిగ్రీలు చాపి. చేయి వేలాడేసి కొలిస్తే, ప్లకార్డు పైకెత్తినప్పుడు మోచేతి దాకా ఎగబాకుతుంది. నిరసనకి వేసుకునే బట్ట కదా, చేతులు పైకెత్తకుండా కుదురుతుందా?

చంక దగ్గర ముడతలు వస్తాయి. రావాలి. జొగోరికి భుజం మీద కుట్టు లేదు, డార్టులు లేవు, చంక గుండ్రం లేదు. వెనక నడిమి కుట్టు, తిన్నగా అతికించిన చేతులు, అంతే. పరిస్తే నేల మీద చాపలా పడుకుంటుంది. ఆ ముడతలు చూసి బిగించమంటే కుట్టేవాళ్ళు మొహమాటానికి బిగిస్తారు, ఆ తర్వాత చేయి లేవదు.

ఏ బట్ట అన్నది వేసుకునే రోజుని బట్టి తేలాలి. ఆగస్టు 14 సియోల్లో ఉక్కపోత, జనవరి బుధవారం గడ్డకట్టే చలి. అస్తరున్న జొగోరి రెండింటికీ సరిపోదు. వేసవికి రెండు దారులున్నాయి. ఓగ్యాంగ్‌మోక్ అనే తెల్ల నూలుబట్ట ఒకటి, మోసి అనే రామీ నార బట్ట ఇంకొకటి. మోసిలో పేరున్నది హన్‌సాన్‌ది, దాని నేత 2011లో యునెస్కో జాబితాకెక్కింది. పన్నా 30 సెంటీమీటర్ల చిల్లర మాత్రమే. నాణ్యతని "సే" లెక్కన చెబుతారు, ఒక సే అంటే ఆ పన్నాలో 80 పడుగు పోగులు. పది సే అంటే 800 పోగులు, చేతికి పల్చటి గాలి పట్టుకున్నట్టుంటుంది, ధర మాత్రం గాలికి ఎగరదు. ఈ పనికి ఏడెనిమిది సే చాలు. మోసి జొగోరి ఒంటిపొరగా, క్కెక్కి కుట్టుతో కుట్టాలి. ఒకసారి కుట్టి, అంచు కోసి, మడిచి మళ్ళీ కుట్టి, ఇంకోసారి మడిచి మూడోసారి కుడతారు. పూర్తయ్యాక కుట్టు గీత రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు, వెలుతురులో పెడితే పెన్సిలు గీతలా కనిపిస్తుంది. ఇది చేతకాని చోట ఓవర్‌లాక్ కొట్టేస్తారు, పల్చటి బట్టలోంచి ఆ జిగ్‌జాగ్ దారం పక్కటెముకల్లా బయటికి కనబడుతుంది. చూసిన వెంటనే పట్టుకోగలిగే తప్పు ఇది.

సాంబే అనే జనపనార బట్ట మాత్రం వద్దు. నాటుగా, నిజాయితీగా కనిపిస్తుందని కొందరు డిజైనర్లు మోజుపడతారు. కొరియాలో అది శవానికి కట్టే బట్ట, కొడుకులు మైలలో కట్టుకునే బట్ట. బతికున్న హల్మోని ఎదుట ఆ బట్టతో నిలబడడం ఎంత మోటుగా ఉంటుందో చెప్పక్కర్లేదు.

హల్మోనీకి కుట్టేటప్పుడు

హల్మోని అంటే అమ్మమ్మ, నాయనమ్మ. బతికి బయటపడ్డ ఈ మహిళల్ని కొరియా అంతా పిలిచే పిలుపు అదే. కొరియా ప్రభుత్వం దగ్గర నమోదైనవాళ్ళు 240 మంది, ఇప్పుడు మిగిలింది వేళ్ళ మీద లెక్కకొచ్చేంతమందే. 1991 ఆగస్టు 14న కిమ్ హక్-సున్ హల్మోని తన పేరుతో, ముఖం దాచుకోకుండా నోరు విప్పారు. 2007 ఫిబ్రవరిలో అమెరికా కాంగ్రెస్ ఎదుట సాక్ష్యం చెప్పిన లీ యోంగ్-సూ హల్మోని హన్‌బోక్‌లోనే వెళ్ళారు. 2017లో కొరియా అధ్యక్ష భవనంలో ట్రంప్‌కి ఇచ్చిన విందుకీ హన్‌బోక్‌లోనే. ఆవిడ కట్టుకునేవి నాటకం బట్టలు కావు. ఒక పెద్దావిడ పెద్ద పని మీద బయటికెళ్ళేటప్పుడు కట్టుకునే బట్టలు.

డిజైనర్లు చేసే పెద్ద పొరపాటు మా లెక్కలో ఇదే: గౌరవం అనగానే అమ్మాయి బట్టే కుడతారు. నీడలోని ముసలావిడకి ఎవరూ కుట్టరు. గ్వాంగ్‌జాంగ్‌లో ఈ రెండో పనికే నిజమైన నైపుణ్యం దొరుకుతుంది, ఎందుకంటే పెళ్ళిళ్ళకి వచ్చే తల్లులకీ, నాయనమ్మలకీ ఏళ్ళ తరబడి కుట్టిన చేతులవి. నడుం వంగిన ఒంటికి వెనక పొడవు పెంచి, ముందు తగ్గిస్తారు. అలా చేయకపోతే వెనక అంచు పైకి లేచి చిమా పట్టీ కనబడుతుంది, ముందు అంచు జారి మడతపడుతుంది. మెడ వెనక వెడల్పుని గోదే అంటారు, అది అర సెంటీమీటరు పెంచితే వంగిన మెడకి దోంగ్‌జొంగ్ కోసుకోదు. చిమాకి భుజాల బాడీ తప్పనిసరి, నాడాతో రొమ్ము బిగిస్తే ఊపిరి కష్టం. వేళ్ళు వణికేవాళ్ళకి గోరుమ్ బదులు బొత్తం లేదా బ్రోచ్ పెట్టమనండి. పెద్దవాళ్ళ జొగోరీకి అది మామూలే, ఎవరూ వింతగా చూడరు. ముడి కుట్టేసిన ప్రెస్ బటన్ కంటే ఒక మంచి బొత్తం వెయ్యిరెట్లు మర్యాదగా ఉంటుంది.

చలికాలానికి నుబి. రెండు పొరల మధ్య దూది పెట్టి, గీత గీసినట్టు వరసలుగా కుట్టేది. చేత్తో కుట్టిన నుబి ఖరీదు ఎక్కువ, ఆలస్యం ఎక్కువ. ఆ కళకి 1996లో జాతీయ గుర్తింపు వచ్చింది. మిషన్ నుబి తీసుకుంటే వరసల మధ్య ఎడం తిరగేసి చూడండి. ఎడం వెడల్పైతే దూది కిందికి జారి, మూడో ఉతుకుకి అంచు దగ్గర ఉండలు కడుతుంది.

ఇంక రంగులు. పెద్దావిడకి తెలుపు-నలుపు అంటగట్టొద్దు. లేత కెంపు, లేత ఊదా, జేడ్ ఆకుపచ్చ, ఆవిడ ఏది అడిగితే అది. వచ్చేది ఆవిడ ఒంటి మీదికి, మన ప్రదర్శనశాలలోకి కాదు.

సీతాకోకచిలుక ఎక్కడ పెట్టాలి

పసుపు సీతాకోకచిలుక ఈ ఉద్యమానికి గుర్తు. 2012లో కిమ్ బోక్-దోంగ్, గిల్ వొన్-ఓక్ హల్మోనీలు యుద్ధాల్లో లైంగిక హింస పాలైన ఇతర దేశాల ఆడవాళ్ళ కోసం మొదలుపెట్టిన నిధి పేరు కూడా సీతాకోకచిలుక నిధి. కాబట్టి అందరూ దాన్నే కుడతారు, ఎక్కడపడితే అక్కడ కుడతారు. చిమా అడుగున వరసగా పన్నెండు సీతాకోకచిలుకలు కుడితే అది పుట్టినరోజు గౌను. రొమ్ము మీద పెద్దది ఒకటి పెడితే బ్యాడ్జీ.

మాకు నచ్చిన చోటు పొడుగు గోరుమ్ చివర. నాలుగైదు సెంటీమీటర్ల ఒక్క బొమ్మ. ముడివేశాక అది కిందికి వేలాడి, నడుస్తుంటే కదులుతుంది. పట్టుదారంతో, గోరుమ్‌ని గొట్టంగా కుట్టకముందే ఎంబ్రాయిడరీ అయిపోవాలి. కుట్టాక చేస్తే వెనక దారం ముళ్ళు పైకి తేలతాయి, తెల్లబట్టలో ఇంకా స్పష్టంగా. ముడి పడే భాగానికి ఒక జానెడు కింద మొదలుపెట్టమనండి, లేకపోతే సీతాకోకచిలుక ముడిలో నలిగిపోతుంది. ఈ తప్పు ఎంత మామూలో ఫొటోలు తిరగేస్తే తెలుస్తుంది. నీడలోది తెలుపు, ఉద్యమానిది పసుపు. ఒకే జొగోరి మీద రెండూ పెట్టకండి, తెల్లబట్ట మీద తెల్లదారంతో కుట్టినది దగ్గరికొస్తేనే కనబడుతుంది, పక్కన పసుపు ఉంటే అదీ కనబడదు.

పువ్వుల నమూనా కూడా ఒకటి చలామణిలోకి వచ్చింది. మేరీమోండ్ అనే బ్రాండు ఒక్కో హల్మోనికి ఒక్కో పువ్వు కేటాయించి ఫోన్ కవర్లు, సంచులు చేసింది. కిమ్ బోక్-దోంగ్ గారికి మాగ్నోలియా, కిమ్ హక్-సున్ గారికి ముగుంగ్‌హ్వా, అంటే కొరియా జాతీయ పుష్పమైన మందార జాతి పువ్వు. ఆలోచన మంచిదే. కానీ అదే ప్రింటుని హన్‌బోక్ నిండా పరిస్తే కంటికి కర్టెనులా తోస్తుంది. అంత కావాలనుకుంటే అస్తరులో ఒక్క కొమ్మ కుట్టించండి, వేసుకునేవాళ్ళకి మాత్రమే తెలిసేలా.

పనిలో పని, "లాభాలు హల్మోనీలకు" అని ట్యాగు వేసిన బట్ట కొనేముందు ఎంత, ఎవరికి, ఏ సంవత్సరం అన్నది అడగండి. 2020 మే నెలలో విరాళాల వాడకం గురించి లీ యోంగ్-సూ హల్మోని తానే పత్రికలవాళ్ళ ముందు ప్రశ్నించారు. అడిగితే నొచ్చుకునే దుకాణం దగ్గర కొనక్కర్లేదు.

మన దర్జీ దగ్గరైతే

హైదరాబాదులోనో, విజయవాడలోనో, డాలస్‌లోనో ఉండి కుట్టించుకోవాలనుకునే తెలుగువాళ్ళకి ఒక మాట. దర్జీకి ఫొటో ఒక్కటే ఇస్తే జాకెట్టు కుడతాడు. చంక గుండ్రంగా కోస్తాడు, ముందు డార్టులు పడతాడు, కాలర్లో బకరం పెడతాడు. ఆయన చేతికి అదే వచ్చు మరి. వార్తాపత్రిక మీద చాపలాంటి కట్ గీసి ఇవ్వండి: భుజం దగ్గర మడత, చేతులు తిన్నగా, డార్టులు వద్దు. బకరం వద్దని రెండుసార్లు చెప్పండి. గిత్ మెత్తగా ఉండాలి, బిగువంతా దోంగ్‌జొంగ్‌ది. దోంగ్‌జొంగ్ ప్యాకెట్లు మాత్రం కొరియా నుంచే తెప్పించుకోవాలి, ఇక్కడ చేయించినది ఏదో కాస్త వంకర వస్తుంది. తెల్లబట్టకి పొందూరు ఖాదీ లాంటి మెత్తటి చేనేత బ్రహ్మాండంగా కుదురుతుంది. కత్తిరించే ముందు తడిపి ఆరేయండి, తడపని నూలు మొదటి ఉతుకుకే కుదించుకుపోయి దోంగ్‌జొంగ్ కొసలు తప్పుతాయి. నల్లబట్టని రంగు దిగడం ఆగేదాకా విడిగా ఉతకండి. చిమా పట్టీకి తెల్లబట్టే వేయించండి. నల్ల పట్టీ ఆగస్టు చెమటకి జొగోరి లోపలి అంచుని బూడిదరంగు చేస్తుంది, ఆ మరక వదలదు.

ముడి వేయడం నేర్చుకోకుండా కుట్టించినా దండగే. పొట్టి గోరుమ్‌ని పొడుగుదాని మీదుగా వేసి, కింద నుంచి పైకి లాగండి. పైకొచ్చిన పొట్టిదాన్ని వలయంలా తిప్పి పట్టుకోండి. పొడుగుదాన్ని మడిచి ఆ వలయంలోంచి దూర్చండి. మడత వేసుకున్నవాళ్ళ ఎడమవైపుకి అడ్డంగా ఉండాలి, రెండు కొసలూ కిందికి, పొడుగుది కాస్త దిగి. సీతాకోకచిలుకలా రెండువైపులా చెవులొస్తే అది బూటు ముడి.

మోసిని గంజిపెట్టి, తడిగా ఉండగానే ఇస్త్రీ చేయాలి. అదే గీత మీద మళ్ళీ మళ్ళీ మడిస్తే నార అక్కడ తెగుతుంది, చుట్టి దాచడమే మంచిది.

రెడీమేడ్‌కి ఐదుకి ఒకటిన్నర, అది కూడా పిల్లల నాటకానికి. మన దర్జీకి మూడు, పేపరు కట్ ఇస్తే మూడున్నర. గ్వాంగ్‌జాంగ్‌కి నాలుగున్నర. ఆ అర ఎందుకు తగ్గిందంటే, ధర చెప్పేటప్పుడు అందులో ఏమేం కలిశాయో చెప్పరు. అస్తరు, బాడీ, ఎంబ్రాయిడరీ, రెండో ట్రయలు ధరలో ఉన్నాయా అని విడివిడిగా అడిగి చీటీ మీద రాయించుకోవాలి. కుట్టుకి సాధారణంగా రెండు మూడు వారాలు పడుతుంది, ఎంబ్రాయిడరీ ఉంటే ఇంకో వారం. ఆగస్టు 14కి కావాలంటే జులై మొదటి వారంలోనే కొలతలివ్వండి. బట్ట చేతికొచ్చాక అక్కడే కుర్చీలో కూర్చుని చూసుకోండి, చేతులు ఒకసారి పైకెత్తండి. వచ్చేటప్పుడు ఇంకో రెండు దోంగ్‌జొంగ్ ప్యాకెట్లు కొనుక్కోండి.